సూర్యలంకలో ఉన్న ఇనుము

పోయిన మంగళవారం తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నాను. ఒళ్ళో మా వాడు. వాడికి ఎనిమిదో నెల. చేతిసంచిలో వాడి బరువు కార్డు. ఇక ఆ కార్డు తియ్యకూడదని గట్టిగా అనుకుని, అరగంటలో నాలుగుసార్లు తీశాను. పోయిన నెల ఏడు కిలోల ఆరువందల గ్రాములు. ఈ నెల ఏడు కిలోల అయిదువందలు. పెరగాల్సిన పిల్లాడు వంద గ్రాములు తగ్గాడు. రేపల్లెలో సిస్టరమ్మ ఆ అంకె వేసి, పెన్ను మూస్తూ "పాలు సరిపోతున్నాయా అమ్మా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో నాకు నిద్ర పట్టడం మానేసింది. తెనాలిలో పిల్లల డాక్టరుగారు వాణ్ణి బోర్లా, వెల్లకిలా తిప్పి చూసి, "బాగానే ఉన్నాడు. వారం ఆగి మళ్ళీ తూయించండి" అన్నారు. వారం ఆగడం ఎలాగో మాత్రం చెప్పలేదు.

అలా కార్డు చూస్తూ ఉంటే ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఏమ్మా, నువ్వు మా కత్తెరమ్మాయివి కాదూ?"

బాపట్ల కాలేజీలో మా ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. జుట్టంతా నెరిసింది గానీ, చంకలో గొడుగు ఇరికించుకునే తీరు మారలేదు.

"బాబాయ్! మీరా? ఎలా ఉన్నారు? మాస్టారు ఎలా ఉన్నారండీ?"

ఆయన పట్టాలవైపు చూశాడు. "మాస్టారు పోయారమ్మా. మొన్న చలికాలంలో."

పిల్లాడి టోపీ సర్దాను. ఇంతలో ఆయనే నవ్వడం మొదలుపెట్టాడు.

"పోయేముందన్నా ఊరుకున్నారా! ఆస్పత్రిలో సిస్టరు మిషనెక్కించి, 'నిన్నటికీ ఇవాల్టికీ అరకిలో తగ్గారండీ' అంది. 'నిన్న చెప్పులతో ఎక్కించావమ్మా, ఇవాళ చెప్పుల్లేకుండా ఎక్కించావు. తగ్గింది నేను కాదు, నా చెప్పులు' అన్నారు. ఆ పిల్ల నవ్వలేక చచ్చింది."

నేనూ నవ్వాను. మా వాడు నా నవ్వు చూసి తనూ నవ్వాడు. బండి వచ్చింది.

మాస్టారి పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నా పేరు దేనికమ్మా, దాన్ని తూచలేం కదా" అనేవారు. కాలేజీలో అందరినీ సార్ అనేవాళ్ళం. ఆయన్ని మాత్రం ఊరంతా మాస్టారనేది. మేమూ అదే అన్నాం.

అందరి జేబులో పెన్నుండే చోట ఆయన జేబులో ఫోర్సెప్స్ ఉండేది, బ్యాలెన్సు మీదికి చిన్న చిన్న తూకాలు ఎత్తిపెట్టే చిమటా. పెన్ను కావాలంటే మమ్మల్ని అడిగేవారు. ఆ చిమటాతోనే జీడిపప్పు పొట్లంలోంచి ఒక్కొక్క పప్పూ తీసుకుని తినేవారు. "చేత్తో తింటే ఎన్ని తిన్నానో తెలియదమ్మా" అనేవారు. ఏ వస్తువు చేతికొచ్చినా ఒకసారి ఎగరేసి, "మూడొందల ఇరవై" అనేవారు. మామిడికాయలు బేరం చేసేటప్పుడు ఆయన పక్కన ఉంటే కొట్టువాళ్ళకి చెమటలు పట్టేవి. నవ్వితే చప్పుడు రాదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడేవి. బ్లాక్‌బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు భుజాలు కదిలితే, మాలో ఎవరో తప్పు చెప్పామని అర్థం.

ఇంకో సంగతి. మాస్టారికి రేచీకటి. పొద్దు వాలితే తోడు లేకుండా గుమ్మం దాటేవారు కాదు. ఆదివారం సాయంత్రం చర్చికి కూడా వాళ్ళావిడ చెయ్యి పట్టుకునే వెళ్ళేవారు. "చిన్నప్పుడెప్పుడో చూశానమ్మా చుక్కల్ని. ఇప్పుడు నాకవి కాగితం మీదే కనపడతాయి" అని ఏ బాధా లేకుండా చెప్పేవారు.

ఎనభైల చివర, నా డిగ్రీ ఆఖరి సంవత్సరం. రోజూ తెనాలి నుంచి బాపట్లకి రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. ఒకరోజు మాస్టారు నా రికార్డు తిప్పుతూ, అతికించిన గ్రాఫు కాగితం అంచు మీద వేలు పెట్టి ఆగారు.

"ఇది నువ్వే కత్తిరించావా? జాకెట్లు కుడతావా అమ్మా?"

"కుట్టడం మా అమ్మండి. కత్తిరించడం నేను."

"అంచు అంటే ఇదీ! పరీక్షలయ్యాక నెల రోజులు వస్తావా? ఒక నక్షత్రాన్ని కత్తిరించాలి."

ఆ నక్షత్రం గురించి నాకు సరిగ్గా అర్థమైంది మాత్రం తెనాలి గిన్నెల కొట్లో. పెళ్ళికి చదివించడానికి బిందె కొందామని అమ్మా నేనూ వెళ్తే, లోపల్నుంచి టంగు టంగుమని వినిపిస్తోంది. మందపాటి కాగితం కొనడానికి తెనాలి వచ్చిన మాస్టారు, కాగితం చుట్ట చంకలో పెట్టుకుని, చిమటాతో గిన్నెలన్నీ కొట్టుకుంటూ పోతున్నారు.

"ఏంటండీ మాస్టారూ, కొంటారా, కచేరీ చేస్తారా?" అన్నాడు కొట్టాయన.

"కొనాలంటే వినాలి కదయ్యా." నన్ను చూసి, "రా అమ్మా, సమయానికొచ్చావు. గోడవైపు తిరుగు" అన్నారు. తిరిగాను. టంగుమంది. "ఇదేంటి?"

"గిన్నండి."

"గిన్నే. దేంతో చేసింది?"

"ఇత్తడండి."

వెనక్కి తిరిగి చూద్దును కదా, మాస్టారి భుజాలు ఎగురుతున్నాయి. అది కంచు గిన్నె.

"బాగానే విన్నావు. కానీ కంచుని ఇత్తడనుకున్నావు. అక్కణ్ణించి దాని మందమెంత, లోపల పగులుందా అని ఎంత లెక్క కట్టినా తప్పే. కొండమీద అబ్జర్వేటరీలో మా స్నేహితుడి అవస్థ ఇదే. వాడు చూసే నక్షత్రం కొట్టిన గంటలాగా వణుకుతోంది. దాని వెలుగు కొన్ని నిమిషాలకోసారి కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది. ఆ వణుకుని బట్టి దాని కడుపులో ఏముందో చెబుతానంటాడు. చెప్పు నాయనా, కానీ అది దేంతో చేసిందో ముందు తెలియొద్దూ? ఇనుమెంత, కాల్షియమెంత? వినడం వాడి పని. దేంతో చేశారో చెప్పడం మన పని."

అమ్మ బిందె సంగతే మర్చిపోయింది. "నక్షత్రంలో ఇనుముంటదా అండీ?"

"ఉంటుందమ్మా. మీ అట్లపెనంలో ఉండే ఇనుమే."

ఆ సాయంత్రానికల్లా మా వీధి వీధంతటికీ ఆకాశంలో అట్లపెనాలున్నాయని తెలిసిపోయింది.

పని ఇలా ఉండేది. నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంత ఉందో గీసిన పొడవాటి చార్టులు కొండమీద నుంచి చుట్టలుగా వచ్చేవి. గీత సాఫీగా పోతూ పోతూ ఒక్కోచోట గుంటలా దిగుతుంది. ఈ గుంట ఇనుముది, ఆ గుంట కాల్షియానిది అని మాస్టారు గుర్తులు పెట్టేవారు. గుంట ఎంత పెద్దదో తెలిస్తే, నక్షత్రంలో ఆ లోహం ఎంతుందో లెక్క కట్టొచ్చు. గుంట వైశాల్యం కొలవడానికి పెద్ద ఊళ్ళలో యంత్రాలున్నాయి. బాపట్లలో కత్తెర ఉంది. నేను చార్టుని కిటికీ అద్దానికి ఆనించి, మందపాటి కాగితం మీదికి గుంటని దించుకుని, కత్తిరించేదాన్ని. ఆ ముక్కని కెమిస్ట్రీ వాళ్ళ అద్దాల పెట్టెలోని బ్యాలెన్సులో తూచేవాళ్ళం. పది సెంటీమీటర్ల చదరపు ముక్క బరువు మొదటిరోజు పొద్దున్నే తూచి రాసి పెట్టుకున్నాం. దానితో పోలిస్తే గుంట వైశాల్యం తెలుస్తుంది. కాగితం బరువే ఇనుము లెక్క.

అటెండరు బాబాయికి ఆ నక్షత్రం అసలు పేరు నోరు తిరగలేదు. నాకూ తిరగలేదు. ఆయన దాన్ని 'వణుకుడు చుక్క' అన్నాడు. మాస్టారు కూడా అదే ఖాయం చేసి, ఫైలు మీద అలాగే రాయించారు.

మొదటి వారం ఇనుము గుంటలు ఇరవై తూచి, లెక్క కట్టి కొండమీదికి పంపించాం. తర్వాత మాస్టారు, "ఇక నుంచి ప్రతి ముక్కా రెండుసార్లు తూచమ్మా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం నాలుగింటికి ఒకసారి. రెండు వరసలుగా రాయి" అన్నారు.

అక్కడ మొదలైంది నా కష్టం. పొద్దున తూచిన ముక్కే మధ్యాహ్నానికి బరువెక్కింది. ఆరు మిల్లీగ్రాములు. చేతి చెమట తగిలిందనుకున్నాను. ముక్క మార్చేశానేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. అంచు బాగుందని మెచ్చుకుని తెచ్చుకున్న పిల్లకి తూచడం చేతకాలేదంటే ఎలా? అందుకని రెండో వరసలో, తూచిన అంకె కాకుండా, మొదటి వరసకి దగ్గరగా ఉండే అంకె వేశాను. మూడు రోజులు అలాగే వేశాను.

నాలుగోరోజు మాస్టారు పుస్తకం చూసి కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.

"ఏంటమ్మా, నీ రెండు వరసలూ మరీ మర్యాదగా ఉన్నాయి? తూకాలింత మర్యాదగా ఉండవే!"

నాకు ఏడుపొచ్చేసింది. ఉన్నదంతా చెప్పేశాను. బాబాయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ విననట్టు బీరువా తుడవడం మొదలుపెట్టాడు.

మాస్టారు కోప్పడలేదు. నా ఏడుపు ఆయనకి వినపడిందో లేదో కూడా తెలియదు. "ఎప్పుడూ మధ్యాహ్నమే ఎక్కువా?" అన్నారు.

"ఎప్పుడూనండి."

"ఒక్కసారి కూడా తక్కువ రాలేదూ?"

"లేదండి."

"అయితే ఇది నీ తప్పు కాదమ్మా! నీ చెయ్యి తప్పితే ఒకసారి అటు పోతుంది, ఒకసారి ఇటు పోతుంది. ఎప్పుడూ ఒకవైపే పోతోందంటే ఏదో ఉంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారిందేంటి?"

ఆ 'మారిందేంటి' ఆయన ఊతపదం. మార్కులు తగ్గినా, పులుసు పులిసినా, బస్సు ఆలస్యమైనా అదే అడిగేవారు. ఆ రోజు మాత్రం మా ముగ్గురికీ జవాబు దొరకలేదు. అదే చెయ్యి, అదే బ్యాలెన్సు, అదే కాగితం. మాస్టారు ఒక ముక్కని పళ్ళెంలో పెట్టి, ముల్లు మధ్యకి తెచ్చి, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. వేసవి. బయట పడమటిగాలి నిప్పులు చెరుగుతోంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ముల్లు కదలదు.

మూడు దాటాక బాబాయి లేచి, రోజూ లేచినట్టే లేచి, కిటికీలు తెరిచాడు. గాలి మళ్ళింది. సముద్రపొడ్డున ఉన్న సూర్యలంక వైపు నుంచి చల్లగా, తడిగా వచ్చింది. అమ్మయ్య అని నేను పమిటతో ముఖం తుడుచుకున్నాను.

"కదలకండి!" అన్నారు మాస్టారు.

ముల్లు కదిలింది. ముందు వెంట్రుకవాసి. తర్వాత ఒక గీత. తర్వాత ఇంకో గీత. ఎవరూ ముట్టుకోని కాగితం ముక్క మా ముగ్గురి కళ్ళముందే బరువెక్కుతోంది.

"అమ్మో, సముద్రం ఎక్కుతోందండీ పళ్ళెంలోకి!" అన్నాడు బాబాయి.

వేసవిలో పొద్దున కిటికీలు మూయడం, మూడింటికి సముద్రపు గాలి తిరగ్గానే తెరవడం బాపట్లలో ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. అందుకే ఎవరికీ తట్టలేదు. పొడిగాలిలో ఎండిన కాగితం తడిగాలి తాగి బరువెక్కేది. మాస్టారి భుజాలు ఆగకుండా ఎగురుతూనే ఉన్నాయి. అంతలో టక్కున ఆగిపోయాయి. పంపించేసిన ఇరవై గుంటలూ మధ్యాహ్నం తూచినవే, వాటిని పోల్చిన చదరపు ముక్క మాత్రం పొద్దున తూచింది. ఆయన స్నేహితుడు అప్పటికే వాటిమీద లెక్కలు కట్టడం మొదలుపెట్టాడు. అచ్చుకి వెళ్తే, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి మాట తప్పుగా నిలబడిపోతుంది.

పొద్దు వాలకముందే పోస్టాఫీసుకి చేరాలి. రిక్షాలో ఆయన, సైకిలు మీద బాబాయి, వెనక నడుచుకుంటూ నేను. టెలిగ్రాం కాగితం మీద మాస్టారు రాసింది ఇంతే: 'ఇనుము తప్పు. ఆగు. ఉత్తరం వస్తోంది.'

కౌంటర్లో గుమాస్తా అది రెండుసార్లు చదివాడు. "ఏ ఇనుమండీ మాస్టారూ? కొట్టేమన్నా పెట్టారా?"

"పెద్ద కొట్టేనయ్యా. కాస్త దూరం."

తర్వాత అక్కడి బల్ల మీదే ఉత్తరం రాసి నాకు చదివి వినిపించారు. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'నేను చెప్పిన ఇనుములో కొంత నక్షత్రంలో లేదు, సూర్యలంకలో ఉంది.'

అంతా అయ్యాక, మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని దిగుతూ ఒక మాట అన్నారు. అప్పటికే ఆయనకి మెట్లు సరిగ్గా కనపడటం లేదు.

"చూడమ్మా. నువ్వు తప్పు తూస్తే నేను పట్టుకోగలను. దిద్దితే మాత్రం పట్టుకోలేను. ఆ ఆరు మిల్లీగ్రాములు ఉన్నదున్నట్టు రాసుంటే మనకి మూడురోజుల కిందటే సముద్రం కనపడేది. నచ్చని అంకెని కొట్టెయ్యకు. పక్కన ఏం జరిగిందో రాయి."

మర్నాటి నుంచి అన్నీ మళ్ళీ మొదటికి. ఈసారి ప్రతి గుంటకీ, అదే కాగితం మీద దాని పక్కనుంచే ఒక చదరపు ముక్క కత్తిరించేదాన్ని. దానికి మాస్టారు 'సాక్షి' అని పేరు పెట్టారు. గుంటనీ సాక్షినీ వెంటవెంటనే తూచేవాళ్ళం. రెండూ ఒకే గాలి పీలుస్తాయి కాబట్టి, ఎండినా తడిసినా ఒకలాగే మారతాయి. పోలిక చెడదు. "సాక్షి లేకుండా ఎవర్నీ తూచకమ్మా" అనేవారు. కాలేజీ తెరిచేలోపు అరవై చిల్లర గుంటలు పూర్తయ్యాయి. కొండమీద నుంచి జవాబు కూడా వచ్చింది. ఇనుము తగ్గాక వణుకు లెక్కకి కాస్త దగ్గరగా వస్తోందట. మాస్టారు దాన్ని బాబాయికి పైకి చదివి వినిపించి, మా ముగ్గురికీ జీడిపప్పు పంచారు. చిమటాతోనే. తలా పన్నెండు. నా వంతుగా ఒక సాక్షి ముక్క కూడా ఇచ్చారు. దాని మూల పెన్సిలుతో రెండు బరువులు వేసి ఉన్నాయి, పొద్దుటిది, మధ్యాహ్నానిది. ఏదీ కొట్టెయ్యలేదు.

బండి రేపల్లె చేరేసరికి ఇదంతా గుర్తొచ్చింది. వారం రోజులు ఎలాగో గడిపాను. నిన్న పొద్దున మా వీధి కిరాణా కొట్టుకి వెళ్ళాను.

"అన్నయ్యగారూ, రెండు కిలోల తూకపు రాయి ఒక్క గంట ఇస్తారా?"

"రాయి ఇస్తే నేను బేరమెట్టా చెయ్యనమ్మా? ఏం తూస్తావు?"

"మా వాణ్ణండి."

ఆయన నన్నూ పిల్లాణ్ణీ మార్చి మార్చి చూసి, ఇచ్చేశాడు.

అత్తయ్య కూడా వస్తానంది. పిల్లల్ని తూచే చోట సిస్టరమ్మ, నా సంచిలోంచి రాయి బయటికి రాగానే నోరు తెరిచింది.

"ఏంటమ్మా ఇది? పిల్లాడికి బదులు రాయి తెచ్చావా?"

"ముందు దీన్ని తూయండి సిస్టర్. సాక్షి."

వెనక వరసలో ఆడవాళ్ళు నవ్వారు. "చదువుకున్న కోడలు వదినా, నీకేం!" అంది ఒకావిడ మా అత్తయ్యతో. సిస్టరమ్మ విసుక్కుంటూనే రాయిని తూకం మిషనుకి వేలాడే ఉయ్యాలలో పెట్టింది. ముల్లు తప్పు చూపించాలని కోరుకున్నాను. మిషనే చెడిపోయిందని తేలితే నా పిల్లాడు తగ్గనట్టే కదా.

ముల్లు సరిగ్గా రెండు దగ్గర ఆగింది.

"చాలా? మా మిషన్ మంచిదే తల్లీ" అని సిస్టరమ్మ వాణ్ణి ఉయ్యాలలో వేసింది. ఏడు కిలోల అయిదువందలే. వారంలో ముల్లు ఏమాత్రం ముందుకి కదల్లేదు.

మిషను తప్పు కాదు. అంకె తప్పు కాదు. మరి? అప్పుడు నా నోట్లోంచి, నేననుకోకుండానే, ఆయన మాట వచ్చింది.

"మారిందేంటి?"

"ఏం మారడమమ్మా?" అంది సిస్టరమ్మ.

"పోయిన నెలకీ ఈ నెలకీ..."

ఉయ్యాలలో మా వాడు కాళ్ళు తన్నుతున్నాడు. బోసికాళ్ళు. కడియాల చప్పుడు లేదు. తెనాలి స్టేషన్లో బాబాయి చెప్పిన చెప్పుల కథ టంగుమంది చెవిలో.

"అత్తయ్యా! వాడి కడియాలు ఎప్పుడు తీశాం?"

"చెమటకాయలొచ్చాయని మొన్న ఎండలు ముదిరినప్పుడు తీశాం కదే. కడియాలు, మురుగులు, మొలతాడు, అన్నీ బీరువాలోనే ఉన్నాయి. ఎక్కడికి పోతాయి?"

"పోయిన నెల ఇక్కడికొచ్చినప్పుడు?"

"అన్నీ పెట్టే తీసుకొచ్చాను. అన్నప్రాసనకి చేయించినవి నలుగురూ చూడొద్దూ? పాతిక తులాల వెండి పెట్టించాను మనవడికి!"

సిస్టరమ్మ పెన్ను ఆగింది. "పాతిక తులాలా? పావుకిలో! ఎనిమిదో నెల పిల్లాడికి పావుకిలో వెండేంటి పెద్దమ్మా, వాడేమన్నా దేవుడి విగ్రహమా?"

వరసంతా గొల్లున నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది, కొంచెం గర్వంగానే. నేను వేళ్ళ మీద లెక్క కట్టాను. పోయిన నెల వెండి తీసేస్తే ఏడు కిలోల మూడువందల యాభై. ఈ నెల ఏడున్నర. మా వాడు తగ్గలేదు. నూట యాభై గ్రాములు పెరిగాడు.

"ఇంకొంచెం పెరగొచ్చు. పళ్ళొస్తున్నాయి, ఫర్వాలేదులే. గుజ్జన్నం పెడుతూ ఉండు" అని సిస్టరమ్మ కార్డు లాక్కుని, పోయిన నెల అంకె కొట్టెయ్యబోయింది.

"కొట్టెయ్యకండి సిస్టర్" అన్నాను.

"తప్పు కదమ్మా అది?"

"తప్పు కాదండి. పక్కన రాయండి, వెండితో అని."

ఆవిడ నా ముఖం ఒకసారి చూసి, నా రాయిని ఒకసారి చూసి, ఇక ఈ మనిషితో వాదన అనవసరమని తేల్చుకున్నట్టుంది. రాసింది.

ఇప్పుడు మా వాడు నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నాడని రాసి, లేచి వెళ్ళి ఊపిరి చూసొచ్చాను. అది మాత్రం నాకు తగ్గదు. కార్డు నా ముందుంది. అందులో సాక్షి ముక్కని పెట్టాను. పదేళ్ళలో కాగితం పసుపు రంగుకి తిరిగింది. ఈపాటికి దాని బరువు మూడో అంకెకి మారి ఉంటుంది. కార్డులో ఒక గడి పక్కన సిస్టరమ్మ గుండ్రటి అక్షరాలతో 'వెండితో' అని ఉంది. కింద గడి పక్కన, నేను అడక్కుండానే, ఆవిడే రాసిన మాట ఇంకొకటి ఉంది.

'పిల్లాడు ఒక్కడే.'